ముప్పై గుర్రాలు ఎక్కువిస్తాం సార్!

మార్చిలో ఒక ఆదివారం పొద్దున్నే మా ఫ్రెండ్ కారేసుకుని వచ్చాడు. వాడిదీ నాదీ ఒకే మోడల్, ఒకే వెయ్యి సీసీ టర్బో పెట్రోల్ ఇంజన్, మాన్యువల్ గేర్లు. తేడా ఏంటంటే వాడు రీమ్యాప్ చేయించాడు. ఓఆర్ఆర్ ఎక్కే ముందు బండి పక్కకి ఆపి, "మామా, మాటలెందుకు, నువ్వే తోలి చూడు" అని తాళం చేతిలో పెట్టాడు.

అబద్ధం ఎందుకు, నాకు బాగా నచ్చింది. మూడో గేర్లో 2 వేల ఆర్‌పీఎం దగ్గర తొక్కితే నా బండి ఒక్క క్షణం ఆలోచించి కదుల్తుంది. వాడిది ఆలోచించలేదు. ఓఆర్ఆర్ మీద లిమిట్ ఎలాగూ 120, కాబట్టి టాప్ స్పీడ్ పెరిగి ఒరిగేదేమీ లేదు. అసలు లాభం మధ్యలో ఉంది. మా ఊరికెళ్లే రెండు వరసల రోడ్డు మీద గడ్డి ట్రాక్టర్‌ని దాటేటప్పుడు, ఎదురుగా బస్సొస్తుంటే, ఒక్క సెకను ముందుగా మన లైన్లోకి వచ్చేయడం చిన్న విషయం కాదు. రీమ్యాప్ అంటే కుర్రాళ్ల షోకు అని కొట్టిపారేసేవాళ్లు ఈ ముక్క మర్చిపోతారు.

సోమవారం షాపుకి వెళ్లి రేటు అడిగాను. 32 వేలు, రెండు గంటల పని. "110 ఉన్న పవర్ 140 అయితది, టార్క్ 30 శాతం పెరుగుతది, మైలేజీ కూడా వస్తది సార్!" ఆ చివరి మాట దగ్గరే నాకు డౌటొచ్చింది. పవరూ, మైలేజీ రెండూ ఊరికే వస్తుంటే కంపెనీ వాడు ఎందుకు వదిలేస్తాడు?

సంగతేంటంటే, రీమ్యాప్‌లో ఒక్క నట్టు కూడా మార్చరు. ఇంజన్ కంప్యూటర్‌లో, అంటే ఈసీయూలో, ఎక్సెల్ షీట్ల లాంటి పట్టికలుంటాయి. అడ్డంగా ఆర్‌పీఎం, నిలువుగా ఇంజన్ మీద లోడ్. ఒక్కో గడిలో ఒక్కో అంకె: పెట్రోల్ ఎంత చిమ్మాలి, స్పార్క్ ఎప్పుడివ్వాలి, టర్బో గాలిని ఎంత ఒత్తిడితో నెట్టాలి. రీమ్యాప్ అంటే ఆ అంకెలు మార్చడమే. అందుకే టర్బో ఉన్న బండికి తేడా బాగా తెలుస్తుంది. టర్బో లేని బండికి ఎక్కువ గాలిని సాఫ్ట్‌వేర్ ఎక్కణ్నుంచి తెస్తుంది? దానికీ 30 శాతం ఇస్తామంటే అక్కణ్నుంచి లేచొచ్చేయండి.

కంపెనీ వదిలేసిన ఆ పవర్ పిసినారితనం కాదు. అదే ఇంజన్ లడఖ్ చలిలో తిరగాలి, రామగుండం ఎండలో తిరగాలి, కల్తీ పెట్రోల్ తాగాలి, ఆయిల్ మార్చడం మర్చిపోయే ఓనర్‌ని భరించాలి. మేం ఆఫీసులో సర్వర్‌ని సగం లోడ్ మీద నడుపుతాం. మిగతా సగం వేస్ట్ అని మేనేజర్లు ఏటా అడుగుతారు. పండగ సేల్ రోజున అడగరు.

సరే, నా బండిలో ఆ మిగులు ఎంతుందో చూద్దామని వెయ్యి రూపాయల లోపు బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ కొన్నాను. స్టీరింగ్ కింద పోర్టులో గుచ్చితే ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఎంత వేడిగా ఉందో, స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు పడుతోందో ఫోన్లో కనిపిస్తుంది. మే నెలలో ఒకే ఫ్లైఓవర్, ఒకే గేరు, ఒకే లోడ్. పొద్దున ఆరింటికి లోపలికెళ్లే గాలి 36 డిగ్రీలు. మధ్యాహ్నం మూడింటికి, మియాపూర్ ట్రాఫిక్ దాటొచ్చాక, 61. స్పార్క్ టైమింగ్ పొద్దుటికంటే 5 డిగ్రీలు తగ్గింది. అంటే ఏ రీమ్యాపూ లేని నా బండే మన ఎండకి భయపడి తనంతట తాను వెనక్కి తగ్గుతోంది!

భయం దేనికంటే నాకింగ్‌కి. వేడీ ఒత్తిడీ మరీ ఎక్కువైతే స్పార్క్ మంట చేరకముందే మిగిలిన మిశ్రమం దానంతటదే పేలుతుంది. పిస్టన్ నెత్తిన సుత్తి దెబ్బ అది. రోజూ పడితే పిస్టన్ పగులుతుంది. టర్బో ఒత్తిడి పెంచి, స్పార్క్ ముందుకు జరిపితే మనం ఆ అంచుకే జరుగుతున్నట్టు. మంచి ట్యూనర్ అయితే నాక్ సెన్సర్ రక్షణని ముట్టుకోడు, 95 ఆక్టేన్ పెట్రోలే పోయమంటాడు. ఆ పెట్రోల్ మా ఊరి బంకులో దొరకదు.

ఇక మా వాడి సంగతి. ఏప్రిల్ చివర్లో ఫోన్ చేశాడు. ఐదో గేర్లో తొక్కితే ఆర్‌పీఎం ముల్లు లేస్తోంది కానీ స్పీడు పెరగట్లేదట. క్లచ్ జారుతోంది. కొత్త టార్క్ గురించి సాఫ్ట్‌వేర్‌కి చెప్పారు, క్లచ్‌కి ఎవరూ చెప్పలేదు. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టగానే ఫైల్ మారిందని తెలిసిపోయింది, వారంటీ ఇవ్వమన్నారు. పాత ఫైల్ మళ్లీ ఎక్కిస్తే ఎవరికీ తెలీదని షాపువాడు చెప్పిన మాట నమ్మాడు పాపం. చాలా ఈసీయూలు తమని ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో లెక్క రాసుకుంటాయి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకి 5 వేల జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు కూడా పడొచ్చు. రోడ్డు మీద పోలీసు ఈసీయూ విప్పి చూడడు, నిజమే. కానీ పెద్ద యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ సర్వేయర్ చూడొచ్చు. చెప్పకుండా చేయించిన మార్పు దొరికితే క్లెయిమ్ ఆపడానికి మనమే కారణం చేతికిచ్చినట్టు. బీఎస్6 డీజిల్ బండికి డీపీఎఫ్ ఫిల్టర్ తీసేసి, అది ఉన్నట్టు ఈసీయూని నమ్మించే ప్యాకేజీలూ అమ్ముతున్నారు. ఆ పొగ వెనకాల టూవీలర్ మీద వచ్చేవాడు పీల్చాలి. దాని గురించి లాభనష్టాల చర్చే లేదు నాకు.

గత వారం మళ్లీ షాపుకి వెళ్లి మూడు విషయాలడిగాను. నా ఒరిజినల్ ఫైల్ కాపీ ఇస్తారా? ఇస్తాం అన్నాడు. కొత్త ఫైల్ ఎవరు రాస్తారు? "బయట్నుంచి మెయిల్లో వస్తది సార్." నా బండి కొలతలు తీసుకోకుండా కుట్టిన రెడీమేడ్ చొక్కా అన్నమాట. మధ్యాహ్నం ఎండలో, ముందూ తర్వాతా లాగ్ తీసి చూపిస్తారా? "లాగ్ దేనికి సార్, తోలితే తెలుస్తది కదా!"

తోలాను కాబట్టే అడుగుతున్నా. నా వారంటీ ఇంకా 14 నెలలుంది. ఈలోపు ముందు లాగ్ అడిగి, తర్వాత రేటు చెప్పే ట్యూనర్ దొరికితే ఆలోచిస్తా. మా వాడు మాత్రం క్లచ్ మార్పించుకుని అదే ఫైల్‌తో తిరుగుతున్నాడు. నిన్న కూడా తాళం ఇచ్చాడు. తీసుకున్నా, ఏం చేయను!