కన్నులుండియు కానకపోవుట

మన భాషలో మందలింపులకు కన్ను ఆధారమైనంతగా మరియే అవయవమును కాలేదేమో. దారికి అడ్డు వచ్చినవానిని "కళ్ళు కనబడటం లేదా?" అందుము. నమస్కరింపని వానిని "కళ్ళు నెత్తికెక్కినాయా?" అందుము. ఈ మాటలన్నిటి వెనుకను ఉన్నది ఒకే నమ్మకము. కన్నులున్నవాడు చూచుచునే ఉండును. చూడకున్నచో అది వాని అశ్రద్ధయో, అహంకారమో అయి యుండవలెను. ముప్పది ఏండ్లకు దగ్గరగా తెలుగు బోధించుచున్న నేనును ఈ నమ్మకముతోనే పాఠము చెప్పితిని. ఈ నమ్మకముతోనే దండించితిని. అది ఎంత తప్పో 2019లో నాకు తెలిసివచ్చినది.

ఆ సంవత్సరము నా మెదడు వెనుక భాగమున, కుడిప్రక్కను, మెనింజియోమా అను కణితి బయటపడినది. అది మెదడును కప్పియుండు పొరలలో పుట్టునది. చాలమందిలో క్యాన్సరు కాదు. నాదియు కాదు. శస్త్రచికిత్సచే దానిని తీసివేసి, తీయరాక మిగిలిన కొంచెమునకు రేడియేషన్ ఇచ్చిరి. ప్రాణము దక్కినది. కాని నా ప్రపంచములో ఎడమ సగము పోయినది. అక్కడ చీకటిగా ఉండునా అని చాలమంది అడుగుదురు. మన వీపు వెనుక మనకు చీకటి కనబడునా? కనబడదు. అక్కడ ఏదియు లేనట్లే యుండును. నా ఎడమవైపు అట్లున్నది.

విచిత్రమేమనగా, కంటి పరీక్షలో నేను మొదటి తరగతిలో ఉత్తీర్ణుడనైతిని. గోడమీది పలకలో చిన్న అక్షరములను సైతము చదివితిని. చూపు 6/6 అని వ్రాసిరి. ఒక యంత్రము ముందు గడ్డము ఆనించి, ఎదుటి చుక్కను తదేకముగా చూచుచు, చుట్టును మెరయు చిన్న వెలుగులు కనబడినప్పుడెల్ల మీట నొక్కుమన్నప్పుడు గాని లోపము పూర్తిగా తేలలేదు. ఎడమవైపు వెలుగులలో ఒక్కదానికిని నేను మీట నొక్కలేదు.

కారణము సులభముగానే చెప్పవచ్చును. రెండు కన్నులనుండి వచ్చు దృష్టినాడులు మెదడు అడుగున ఒకచోట కలిసికొని, అందలి పోగులలో సుమారు సగము ఇటువి అటును, అటువి ఇటును దాటును. అందుచేత ఎదుటి దృశ్యములోని ఎడమ సగము కుడి మెదడునకు, కుడి సగము ఎడమ మెదడునకు చేరును. కుడి మెదడు వెనుక భాగము దెబ్బతిన్నచో ఏ కన్ను మూసి ఏ కంటితో చూచినను ఎడమ సగమే లోపించును. నాడులు కలియు చోటికి పైననే పీయూషగ్రంథి యున్నదని పొరబడవలదు. అది దానికి క్రిందుగా ఉన్నది. అక్కడ పుట్టిన కణితి పెరిగి పైకి ఒత్తినచో రెండు కన్నులకును వెలుపలి ప్రక్కలు మూసికొనిపోవును. ఈ విద్య లోకమునకు యుద్ధభూమినుండి వచ్చినది. 1904-05లో రష్యా జపానుల యుద్ధమున తల వెనుక తుపాకి గుండ్లు తగిలి బ్రతికిన సైనికులను పరీక్షించి, మెదడులో ఏ చోట దెబ్బ తగిలిన ఏ చూపు పోవునో తత్సుజి ఇనౌయే అను జపాను నేత్రవైద్యుడు 1909లో ప్రకటించెను. మొదటి ప్రపంచ యుద్ధమున గాయపడినవారిని పరీక్షించి గోర్డన్ హోమ్స్ దానిని మరింత విశదపరచెను. అనగా, చూచునది కన్ను మాత్రమే కాదని వైద్యలోకమునకు తెలిసి నూరేండ్లు దాటినది. బడికి మాత్రము ఇంకను తెలియలేదు.

తిరిగి కళాశాలకు వెళ్ళిన దినమున ఒక ఉత్పలమాల చదువ మొదలిడితిని. మొదటి పాదము చక్కగా సాగినది. రెండవ పాదమును నడుమనుండి ఎత్తుకొంటిని. ఎడమ చూపు లేనివానికి పంక్తి చివరకు పోవుట సులభమే. మరల తరువాతి పంక్తి మొదటికి వచ్చుటయే కష్టము. గణము తప్పినది, ప్రాస కలియలేదు. కన్ను చెప్పలేని తప్పును చెవి చెప్పినది. వచనములో ఈ రక్షయు లేదు. "అన్యాయము"లో మొదటి అక్షరము జారిపోయినచో "న్యాయము" మిగులును. అర్థము తలక్రిందులైనను వాక్యము నిలిచియే యుండును. కుడి చూపు పోయినవారి కష్టము వేరు. చదువుచున్న అక్షరమునకు ముందేమున్నదో వారికి అందదు. మన భాషలో అవునో కాదో తేలునది చివరి క్రియలో గదా!

ఒకనాడు ఎడమ వరుసలో ఒక విద్యార్థిని చేయి పైకెత్తి చాలసేపు నిలుచున్నదట. నేను చూడలేదు. ఆమె చిన్నబోయి కూర్చున్నదని మరొకరు చెప్పిరి. వరండాలో ఎడమప్రక్క నడచిపోయిన సహోద్యోగి "పలకరిస్తే పలకటం లేదు, పెద్దవాడైపోయాడు" అని అనుకొనెనట. అప్పుడు నాకు పదునొకండేండ్లనాటి ఒక బాలుడు గుర్తునకు వచ్చెను.

2008లో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరమున ఉండిన పిల్లవాడు. నల్లబల్లమీద నేను వ్రాసినదానిని ప్రతి పంక్తిలోను సగమునుండియే ఎక్కించుకొనెడివాడు. తలకు ఆపరేషన్ అయినదని వాని తండ్రి చేరునాడే చెప్పి యుండెను. నేను దానిని తలనొప్పికి సంబంధించిన మాటగా విని మరచితిని. నోటుపుస్తకము చూచి గద్దించితిని. "కళ్ళ డాక్టరుగారు చూపు బాగానే ఉందన్నారండీ" అని మెల్లగా చెప్పెను. "అయితే శ్రద్ధ లేదన్నమాట" అంటిని. తరగతి నవ్వెను. మరుసటి సంవత్సరము వాడు మా కళాశాలకు రాలేదు. ఎక్కడ ఉన్నాడో ఎరుగను. వాని చూపులోని లోపము ఏదియో నేను నిశ్చయముగా చెప్పజాలను. కాని ఆ సగము పంక్తులు నేడు నా కన్నుల ఎదుట ఉన్నవి.

పోయిన చూపు వచ్చునా? కణితి ఒత్తిడివలన నాడి నలిగినచో, ఒత్తిడి తొలగిన పిదప చాలమందికి కొంతయో పూర్తిగానో తిరిగి వచ్చును. మెదడులోని చూపు స్థానమే దెబ్బతిన్నచో తిరిగి వచ్చునది ఎక్కువగా మొదటి కొన్ని నెలలలోనే వచ్చును. ఆ తరువాత కళ్ళజోడు మార్చి లాభము లేదు. పూర్తిగా బాగుచేయుదుమను ప్రకటనలను నమ్మి ధనము పోగొట్టుకొనవలదు. రేడియేషన్ పొందినవారికి నెలలు, ఏండ్లు గడచిన పిదపను చూపు మందగింపవచ్చును గనుక క్రొత్త మార్పు తోచిన వెంటనే వైద్యునికి చెప్పవలెను. ఒకటి రెండుగా కనబడువారికి కళ్ళజోడులో అమర్చు పట్టకమో, ఒక కంటికి కట్టు తెరయో ఉపకరించును.

మిగిలినది అభ్యాసము. చూపు లేని వైపునకు తలను, కన్నులను ముందుగా త్రిప్పి చూచుట నేర్చుకొంటిని. పుట ఎడమ అంచున ఎర్రగీత గీచికొని, అది కనబడువరకు వెనుకకు వచ్చి పంక్తి ఎత్తుకొందును. పంక్తి క్రింద కొలబద్ద పెట్టుకొందును. అన్నిటికంటె నాకు తోడైనది నా చూపుడు వ్రేలు. చిన్నతనమున అక్షరముల క్రింద వ్రేలు పెట్టి చదివినచో పంతులుగారు కొట్టి మాన్పించిరి. ఏబదియేండ్లు దాటిన పిదప ఆ వ్రేలే నాకు చదువు మరల చెప్పినది. తరగతిలో వేదికకు నా ఎడమ చివర నిలుతును. అప్పుడు పిల్లలందరును నాకు కుడివైపునకే వత్తురు. నా భార్య నడకలో నా ఎడమప్రక్కకు మారినది. గంటసేపు చదివినచో రెండు గంటలు చదివినంత అలసట కలుగును. అది సోమరితనము కాదు.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి చిన్నది. పంక్తుల మొదళ్ళో చివరలో విడుచువానిని, ఒక ప్రక్కనే బల్లలకు తగులుకొనువానిని, ఒక వైపునుండి పిలిచినచో తడబడువానిని దండింపకముందు విచారింపుడు. 6/6 అను చీటి చాలదు. చూపు విస్తారమును కూడ కొలిపింపుడని తల్లిదండ్రులకు చెప్పుడు. ఎడమ చూపు లేనివానిని తరగతి ఎడమ అంచున కూర్చుండబెట్టినచో నల్లబల్ల వానికి కుడివైపునకు వచ్చును. దీనికి ఖర్చేమియు లేదు. చట్టము మనకంటె ముందున్నది. 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టము అక్షరములు చదువు శక్తినే గాక, చూపు విస్తారము 40 డిగ్రీలకు తగ్గుటను కూడ దృష్టిలోపముగా లెక్కించినది. వ్రాయుటకు కష్టపడువారికి 40 శాతము వైకల్యము లేదను కారణముచే లేఖకుని నిరాకరింపరాదని సుప్రీంకోర్టు 2021లో తీర్పు చెప్పినది. అడుగుట తెలియని పిల్లలకు ఇవి తెలియజెప్పువారు ఉపాధ్యాయులే.

విద్యార్థులకును ఒక మాట. మీ స్నేహితుడు పలకరింపలేదని అలుగకముందు, వాని రెండవ ప్రక్కకు వచ్చి మరొకసారి పిలువుడు.

"కళ్ళు కనబడటం లేదా?" అను మాటను మానుకొనుడని నేను చెప్పుట లేదు. దానిని తిట్టుగా గాక, ప్రశ్నగా అడుగుడనుచున్నాను. అడిగి, సమాధానము వచ్చువరకు ఆగుడు. 2008లో నేను ఆగలేదు.