లెక్క తగ్గకూడదన్న చోట

2025 జూన్‌లో అమెరికా ఫెడరల్ రిజర్వ్, వెల్స్ ఫార్గో బ్యాంకు ఆస్తుల పెరుగుదలపై 2018 నుంచి ఉంచిన పరిమితిని తొలగించింది. మదుపరులు సంతోషించారు. అయితే ఆ శిక్ష ఎందుకు పడిందో, కౌంటరు వెనుక నిలబడిన ఉద్యోగి అప్పుడు ఏమి అనుభవించాడో మరచిపోకూడదు. మన సంఘాల్లోనూ బ్యాంకుల్లో, ఫైనాన్స్ కంపెనీల్లో పనిచేసే బిడ్డలు చాలామంది ఉన్నారు.

ఒక్కో ఖాతాదారునికి 8 రకాల సేవలు అమ్మాలన్నది ఆ బ్యాంకు నినాదం. సగటున ఎన్ని అమ్మారన్న లెక్కను మదుపరులకు గర్వంగా చూపించేవారు. పైవారికి గర్వకారణమైన ఆ అంకె, కింది శాఖకు వచ్చేసరికి రోజువారీ కోటాగా మారింది. ఎన్ని ఖాతాలు తెరిచారో రోజులో పలుమార్లు చెప్పాలి. తగ్గితే మందలింపు, ఉద్యోగం పోతుందన్న భయం. కొందరు కుటుంబ సభ్యుల పేర్లతో ఖాతాలు తెరిచారు. మరికొందరు ఖాతాదారులకు తెలియకుండానే తెరిచారు. ఈ ఒత్తిడి గురించి లాస్ ఏంజెలెస్ టైమ్స్ 2013లోనే రాసింది.

2016 సెప్టెంబరులో నియంత్రణ సంస్థలు, లాస్ ఏంజెలెస్ అధికారులు కలిసి 18.5 కోట్ల డాలర్ల జరిమానా విధించారు. అనుమతి లేని ఖాతాలు 20 లక్షల వరకు ఉండవచ్చని మొదట తేలింది. మరుసటి ఏడాది ఆ సంఖ్య 35 లక్షలకు చేరింది. అప్పటికే సుమారు 5,300 మంది ఉద్యోగులను బ్యాంకు తొలగించింది. కొందరు చెడ్డవారు తప్పు చేశారన్నట్టుగా యాజమాన్యం మాట్లాడింది. పది మంది తప్పు చేస్తే వారి నడతను ప్రశ్నించవచ్చు. వేలమంది ఒకే తప్పు చేస్తే, వారికి ఇచ్చిన ఆజ్ఞను ప్రశ్నించాలి.

అంతకంటే బాధాకరమైనది మరొకటి ఉంది. మోసం జరుగుతోందన్న అనుమానాన్ని పైవారికి చెప్పిన ఒక మేనేజరు ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆ మేనేజరును తిరిగి తీసుకోవాలని, సుమారు 54 లక్షల డాలర్లు చెల్లించాలని అమెరికా కార్మిక శాఖ 2017లో ఆదేశించింది. ముఖ్య కార్యనిర్వహణాధికారి జాన్ స్టంఫ్ 2016లో పదవి వీడారు. 2020లో ఆయన బ్యాంకింగ్ రంగంలో జీవితకాల నిషేధానికి, 1.75 కోట్ల డాలర్ల జరిమానాకు అంగీకరించారు. న్యాయం పైవరకు వెళ్లింది గాని, చాలా ఆలస్యంగా వెళ్లింది.

గడ్డి ఇవ్వకుండానే ఇటుకల లెక్క తగ్గకూడదన్న ఫరో మనకు తెలుసు. లెక్క తగ్గినప్పుడు దెబ్బలు తిన్నది ఇశ్రాయేలీయుల నాయకులే, ఆజ్ఞ ఇచ్చినవాడు కాదు. అయినా ఒత్తిడి తప్పుకు కారణం చెబుతుందే గాని, తప్పును ఒప్పు చేయదు. తనకు తెలియని ఖాతాకు రుసుము కట్టిన సామాన్యుడు కూడా ఈ కథలో బాధితుడే.

ఇది దూరదేశపు మాట మాత్రమే కాదు. ఆ బ్యాంకుకు హైదరాబాదులోనూ పెద్ద కార్యాలయం ఉంది. ఇక మన ఊళ్లో అప్పు కోసం వెళ్లిన రైతు చేతిలో బీమా పాలసీ పెట్టడం కొత్త సంగతి కాదు. ఇలా తప్పుదారి పట్టించి బీమా అమ్మడం వల్ల అప్పు భారం పెరుగుతుందని కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2024 నవంబరులో బ్యాంకులను హెచ్చరించారు.

ఉద్యోగం వచ్చిందని సాక్ష్యం చెప్పిన యువకుణ్ణి మనం జీతమెంత అని అడుగుతాం. ఆరు నెలల తరువాత, నీ చేత ఏమి చేయిస్తున్నారు బాబూ అని కూడా అడుగుదాం. చేయనన్నందుకు ఉద్యోగం పోతే, ఆ ఇంటికి కొన్ని నెలలు తోడు నిలవగల సంఘంగా ఉందాం. మన మధ్య కూర్చున్న మేనేజర్లు కూడా, రేపు ఉదయం తమ సిబ్బందికి ఒక అంకె చెప్పేముందు, నిజాయితీగా అది సాధ్యమేనా అని ఒక్కసారి ఆలోచించాలి.