డెబ్బయ్యో ఏట చెట్టెందుకు?

"వయసుతో పనిలేదండీ, పద్ధతి తెలిస్తే చాలు." జర్మనీలో వేట గురించి నలుగురు చేరిన చోటల్లా ఈ మాట వినీ వినీ నాకు విసుగొచ్చింది. అమెరికా నుంచి దిగిన కొత్త మోజు ఇది. నడుముకీ తొడలకీ పట్టీల జీను బిగించుకుని, చెట్టు మానుకి తాడు చుట్టి, ఇరవై అడుగుల ఎత్తున ఆ తాడుకి వేలాడుతూ జింక కోసం కాచుకోవడం. సాడిల్ హంటింగ్ అంటారు. పాతికేళ్ల కుర్రాడు వేలాడితే నాకేం పోయింది? వాడి మోకాళ్లు, వాడి సరదా. కానీ సామాన్లు అమ్మేవాళ్ల కన్ను ఇప్పుడు అరవై దాటినవాళ్ల మీద పడింది. డబ్బున్నది వాళ్ల దగ్గరే కదా. మోకాలి చిప్ప మార్పించుకున్నారా? మానుకి కట్టి ఎక్కే, మెట్లు దగ్గరదగ్గరగా ఉన్న కర్రలున్నాయి, పట్టుకెళ్లండి. భుజం లేవడం లేదా? పాదానికీ మోకాలికీ క్లిప్పులు తగిలించుకుంటే తాడు మీదే నడిచి ఎక్కొచ్చు. నాలుగు కర్రలు మోయలేరా? ఒక్కటే కర్ర కట్టి, ఎక్కి, తాడుకి కూర్చుని, ఆ కర్రనే పైకి జరుపుకుని మళ్లీ ఎక్కండి. ఒక్కో నొప్పికి ఒక్కో పద్ధతి, ఒక్కో పద్ధతికి ఒక్కో బిల్లు.

అసలు ఆ పెద్దాయన చెట్టెందుకు ఎక్కాలి అని మాత్రం ఎవరూ అడగరు.

వేటంటేనే నేరమైన దేశం నుంచి వచ్చినవాళ్లం కాబట్టి మన పాఠకులకి ఇక్కడి సంగతి కొంచెం చెప్పాలి. జర్మనీలో కఠినమైన పరీక్ష పాసై వేట లైసెన్సు పుచ్చుకున్నవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు ఉన్నారు. వీళ్లు ఏటా పది లక్షలకు మించి చిన్న జింకల్ని కాలుస్తారు. 2019-20 వేట సంవత్సరంలో కాల్చిన అడవిపందులే 8 లక్షల 80 వేలు దాటాయి. 2020 సెప్టెంబరులో బ్రాండెన్‌బుర్గ్‌లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడ్డాక పందుల్ని తగ్గించమని ప్రభుత్వాలే వెంటపడుతున్నాయి. లేత మొక్కల్ని జింకలు మేసేస్తున్నాయని అడవుల వాళ్ల గోల వేరే. కనుక తల నెరిసిన వేటగాడు ఇంట్లో కూర్చోవాలని నేననడం లేదు. అతను కావాలి, ఎముకలు విరగకుండా కావాలి.

ఇక్కడ పొలం గట్టున, అడవి అంచున, ఎక్కడ చూసినా చెక్క మంచెలు కనిపిస్తాయి. హోఖ్‌జిట్స్ అంటారు. నిచ్చెన, పైన బల్ల, కొన్నిటికి నాలుగు గోడలూ కప్పూ కూడా. మంచె ఎత్తు ఎందుకంటే, పైనుంచి కిందికి కాల్చిన తూటా జంతువుని దాటిపోయినా దాని వెనకాల నేలలో దిగబడాలి. ఈ దేశంలో అడవిలో ఎవరైనా నడవొచ్చు. 1975 నాటి అడవి చట్టం ఆ హక్కు ఇచ్చింది. పుట్టగొడుగులు ఏరుకునేవాళ్లు, కుక్కని తిప్పేవాళ్లు, సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు అందరూ అక్కడే ఉంటారు. అందుకే మంచె వేసేవాడు ఏ దిక్కున కాల్చొచ్చో, ఏ దిక్కున బాట ఉందో ముందే చూసుకుని వేస్తాడు. జీను అమ్మేవాడు దీన్ని తలకిందులు చేసి చెబుతాడు: "చెట్టు చుట్టూ తిరగొచ్చు సార్, నాలుగు వైపులా కాల్చొచ్చు!" నాలుగు వైపులా కాల్చగలగడం ఈ దేశంలో సుగుణమా?

ఇక అసలు సంగతి. సాడిల్ పుట్టింది విల్లంబుల వేటగాడి కోసం. బాణం ఇరవై ముప్పై గజాల్లోనే పనిచేస్తుంది. అంత దగ్గరికి జింక రావాలంటే మనిషి దాని కంటపడకూడదు, వాసన తగలకూడదు. అందుకే అతను జింకలు నడిచే దారి పక్కన ఏ చెట్టు దొరికితే ఆ చెట్టెక్కుతాడు, రేపు ఇంకో చెట్టు. అమెరికాలో అందరికీ తెరిచి ఉన్న ప్రభుత్వ అడవుల్లో, వదిలేసి వచ్చిన మంచె మర్నాటికి ఉంటుందో లేదో తెలియని చోట, ఇది అర్థమున్న పని. జర్మనీలో? ఫెడరల్ వేట చట్టం 19వ సెక్షన్ మొదటి అంశంలోనే గిట్టల జంతువుల మీద బాణం వేయడం నిషేధం అని ఉంది. ఇక్కడ వేట రైఫిల్‌తో. రైఫిల్‌కి ఎనభై గజాలు ఒక లెక్కా? అడవి కూడా ఎవరిదో కాదు. సొంతంగా వేట నడపాలంటే కనీసం 75 హెక్టార్ల సొంత భూమి ఉండాలి, లేదంటే ఊళ్లో అందరి భూములూ కలిపిన వేట హక్కుని ఏళ్ల తరబడి లీజుకి తీసుకోవాలి. తొమ్మిదేళ్లు నీ చేతిలో ఉండే చోట రోజుకో చెట్టు మార్చడం దేనికయ్యా? విల్లు లేదు, పరాయి అడవి లేదు, దగ్గరికెళ్లాల్సిన పని లేదు. గుర్రం లేనివాడు జీను కొన్నట్టుంది.

ఈ ఒక్క మాటతో వ్యాసం ఆపేయొచ్చు. కానీ నా కోపం ఇంకా తీరలేదు.

ఆ సామాన్ల గొప్పలు వింటుంటే నవ్వొస్తుంది కూడా. లోపల నైలాన్ పోగులూ పైన అల్లిన తొడుగూ ఉన్న తాడు, ఇవాళ ఎక్కేవాళ్లంతా వాడేది, 1953లో దక్షిణ జర్మనీలోని ఇస్నీ ఊళ్లో ఎడెల్‌రిడ్ కంపెనీ చేసింది. బరువు పడితే బిగుసుకుని, బరువు తీస్తే జరిగే ఆ ముడికి కార్ల్ ప్రూసిక్ పేరు, ఆయన ఆస్ట్రియా వాడు, 1931 నాటి సంగతి. తాడు వీళ్లది, ముడి పొరుగువాళ్లది. రెండూ అట్లాంటిక్ దాటి, రంగు మార్చుకుని, ఆకుల బొమ్మలు వేయించుకుని, మూడింతల ధరతో తిరిగొచ్చాయి. వీళ్లేమో కొత్త విద్య దొరికిందని మురిసిపోతున్నారు.

పోనీ తాడుతో చెట్టెక్కడం ఈ దేశంలో ఒక వృత్తి కదా, ఆ వృత్తివాళ్లని అడిగారా? నగరాల్లో పెద్ద చెట్ల కొమ్మలు కొట్టేవాళ్లు ఎస్‌కేటీ-ఎ అనే కోర్సు చేసి పరీక్ష రాయనిదే తాడు పట్టరు. రంపంతో ఎక్కాలంటే దాని మీద ఇంకో కోర్సు. వాళ్లు పాటించే మొదటి నియమం ఏమిటో తెలుసా? ఒంటరిగా ఎక్కకూడదు. పైవాడికి ఏమైనా అయితే ఎక్కి దింపగల ఇంకో మనిషి కింద ఉండి తీరాలి. ముప్పై ఏళ్ల, కండలు తిరిగిన, రోజూ అదే పని చేసే మనిషికి ఈ నియమం. మన డెబ్బై ఏళ్ల పెద్దాయన ఎలా వెళ్తాడు? ఒంటరిగా. సాయంత్రం. నవంబరులో. పందుల కోసమైతే రాత్రి, ఎందుకంటే గిట్టల జంతువుల్లో రాత్రి వేటకి చట్టం మినహాయించింది పందుల్నే. చలికి వేళ్లు కొయ్యబారి ఉంటాయి, తాడు తడిసి బిర్రబిగుసుకుని ఉంటుంది. దిగేటప్పుడు ఆ చీకట్లో ఏ క్లిప్పు ముందు తియ్యాలో ఏది తర్వాత తియ్యాలో గుర్తుండాలి. ఎక్కే పద్ధతులు గంటసేపు చెప్పే అమ్మకందారు దిగడం గురించి "తాడు మీద జారిపోండి" అని అర నిమిషంలో తేల్చేస్తాడు.

"కానీ జీనులో ఎప్పుడూ కట్టుకునే ఉంటాం కదా, మీ నిచ్చెన మీద కట్టు ఎక్కడిది?" అంటారు. కట్టుకునే ఉంటారు, ఒప్పుకున్నాను. కళ్లు తిరిగి స్పృహ తప్పినవాడు కింద పడడు, నిజమే, పైనే వేలాడతాడు. కదలకుండా పట్టీల్లో వేలాడే మనిషికి కాళ్లలోనే రక్తం నిలిచిపోయి, కాసేపట్లోనే ప్రాణం మీదికొస్తుంది. హెంగెట్రౌమా అని తాడు పనివాళ్లందరికీ ఇక్కడ నేర్పుతారు. గుండెకి స్టెంటు వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు మింగేవాడికి మానుకి గుద్దుకున్న చిన్న దెబ్బ కూడా చిన్నది కాదు. ఫోన్ చేస్తే 112 వాళ్లు వస్తారు, అడవి దారుల్లో రెస్క్యూ పాయింట్ల బోర్డులు ఉన్నాయి, అన్నీ బాగానే ఉన్నాయి. స్పృహ లేనివాడు ఫోనెలా చేస్తాడు? వాళ్లు వచ్చినా నిచ్చెన బండి బురదలోకి దిగదు.

చెట్ల సంగతీ అంతే. 2018 నుంచి వరసగా వచ్చిన ఎండలకీ బెరడు పురుగుకీ హార్ట్స్ కొండల్లో స్ప్రూస్ చెట్లు గుట్టలకు గుట్టలు ఎండి నిలబడ్డాయి. నీడనిచ్చే బీచ్ చెట్లూ పైనుంచి ఎండుతున్నాయి. అలాంటి అడవిలో సందెచీకట్లో చెట్టు ఎంచుకోవడం అలవాటున్న కళ్లకే కష్టం. ఇక మానులో మెట్టు మేకులు దిగ్గొడతామంటే ఏ భూయజమానీ ఒప్పుకోడు. ఇనుము దిగిన దుంగని కోతమిల్లు తిప్పి పంపేస్తుంది.

ఇంతకీ నాకు ఎక్కువ మండింది ఏ జర్మనువాడి మాటకీ కాదు. మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే మన తెలుగు కుర్రాడొకడు ఈ ముచ్చటంతా విని, "మా ఊళ్లో గౌడ తాత అరవై అయిదేళ్లకి కూడా మోకేసుకుని తాడెక్కేవాడు అంకుల్, వీళ్లకేంటి?" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ తలలూపారు.

బాబూ, ఆ తాత సరదాకి ఎక్కాడా? మోకు, ముస్తాదు, గుజి, ఇవి అతనికి ఆటవస్తువులు కావు. మీసాలు మొలవకముందే ఎక్కడం మొదలుపెట్టి, పొద్దునా సాయంత్రమూ అవే చెట్లు ఎక్కీ ఎక్కీ అతని అరికాళ్లు అలా తయారయ్యాయి. కొమ్మ లేని, నిటారు తాడిచెట్టు మీద మోకు తెగితే ఏమవుతుందో నల్లగొండలో ఏ గౌడ కుటుంబాన్నడిగినా చెబుతారు. నడుం విరిగి మంచాన పడ్డ మనుషులు లేని ఊళ్లు ఆ జిల్లాలో వెతుక్కోవాలి. కొడుకు పట్నం పోయాడు కాబట్టి, కల్లు దించకపోతే పొయ్యి వెలగదు కాబట్టి ఆ తాత ఎక్కాడు. తెలంగాణ ప్రభుత్వమే గీత కార్మికుడికి 50 ఏళ్లకే ఆసరా పింఛను పెట్టింది. మామూలు వృద్ధుడికంటే ముందే పెట్టిందంటే ఏమిటర్థం? యాభై దాటాక ఈ పని చెయ్యకూడని పని అని సర్కారుకి కూడా తెలుసు. 2024 జూలైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో గీత కార్మికుల కోసం కాటమయ్య రక్షా కవచం కిట్లు పంచడం మొదలుపెట్టారు. నడుం పట్టీలు, తాళ్లు, జారినా ఆపే కట్లు. సాడిల్ బుద్ధి నిజంగా పనికొచ్చే చోటు అదీ, ఎక్కక తప్పనివాడి దగ్గర. ఆ తాతని డెబ్బై ఏళ్ల జర్మను రిటైర్డు మేనేజరుకి ఆదర్శంగా చూపిస్తే, ఆ తాత కష్టాన్ని సర్కసు చేసినట్టే.

సరదాకి వేటాడిన వికలాంగుడి ఉదాహరణ కావాలంటే ఇక్కడే ఉంది. కైజర్ రెండో విల్‌హెల్మ్‌కి పుట్టుకలోనే ఎడమ చెయ్యి దెబ్బతింది, జీవితాంతం చచ్చుబడే ఉంది. ఒంటిచేత్తో తుపాకి పట్టి వేల జంతువుల్ని కాల్చాడు. లెట్స్‌లింగెన్ అడవిలో వేటంటే జంతువుల్ని ఆయన ముందుకి తోలడానికి మనుషులు బారులు తీరేవారు. ఆయన చెట్టెక్కే పద్ధతులు నేర్చుకోలేదు. చక్రవర్తి గారి గర్వానికి రాని లోటు ఈ పెద్దవాళ్లకెందుకు వస్తోందో!

మరైతే పెద్దవాళ్లు ఏం చెయ్యాలి? దీనికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. తోలుడు వేటల్లో వాడే పొట్టి మంచెలు, డ్రూక్‌యాగ్డ్‌బోక్ అంటారు, నిలువెత్తుకి అటూ ఇటూ ఉంటాయి. నాలుగు మెట్లెక్కితే చాలు. వాలు నేల ఉన్న చోట గుట్ట మీద నేలమట్టంగా దడి కట్టుకుని కూర్చున్నా తూటా కిందికే పోతుంది. మామూలు మంచెకే నిచ్చెన తీసేసి, వాలు మెట్లు వేసి చేపట్టు కమ్మీలు బిగించొచ్చు. ఇక నడవడమే కష్టమైనవాళ్లకి చట్టమే దారి చూపింది. బండిలోంచి కాల్చడం నిషేధించిన ఆ 19వ సెక్షనే, అధికారుల అనుమతి తీసుకున్న వికలాంగులకి మాత్రం ఆ నిషేధం వర్తించదని రాసింది. ఎంతమంది ఆ అర్జీ పెట్టారు? బండిలోంచి కాలిస్తే వేటగాడి పరువు పోతుందట. తాడుకి వేలాడితే నిలుస్తుందట.

మంచెలన్నీ భద్రం అని నేను చెప్పడం లేదు. వ్యవసాయ ప్రమాద బీమా సంస్థ ఎస్‌వీఎల్‌ఎఫ్‌జీ నియమాల ప్రకారం ప్రతిసారీ ఎక్కబోయే ముందూ, కనీసం ఏడాదికోసారీ మంచెని పరీక్షించాలి. ఎక్కేటప్పుడు తుపాకిలో తూటా ఉండకూడదు. ఈ రెండూ పాటించనివాడు ఏ జీను వేసుకున్నా ఒకటే. ఇంకో సంగతి, వేట అతిథిగా వెళ్లి పడినవాడికి ఆ బీమా వర్తించదు. లీజుదారుకి వర్తించేది అతిథికి లేదు.

జర్మనీలో వేట లైసెన్సు కోసం చదువుతున్న తెలుగువాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. మిమ్మల్ని తన అడవికి తీసుకెళ్లే పెద్దాయన జీను కొంటానంటే, ఆ డబ్బుతో పాత మంచెకి కొత్త మెట్లూ రెండు వైపులా కమ్మీలూ వేయించమనండి. వేసే రోజు మీరూ వెళ్లి సుత్తి పట్టుకోండి.