నాలుగో వాటా

వంట అయిందా? గిన్నెలు తర్వాత కడుక్కోవచ్చు గానీ, ఓ పది నిమిషాలు ఇలా కూర్చోండి. ఈ వారం పొడులూ పచ్చళ్లూ, మరకలు పోగొట్టే చిట్కాలూ పక్క పేజీల వాళ్లకి వదిలేశాను. మీకో నలుగురు స్నేహితుల కథ చెబుతాను.

వాళ్లదొక బ్రిటిష్ రాక్ బృందం. పేరు మానిక్ స్ట్రీట్ ప్రీచర్స్. "రాక్ సంగీతమా! ఆ గోల మాకెందుకండీ, అది మా పిల్లల వ్యవహారం" అని పేజీ తిప్పేయకండి. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తీరా తెలుసుకున్నాక చూస్తే ఇందులో ఉన్నది మనకు తెలిసిన సంగతే. ఉమ్మడి సంపాదన, వాటాలు, ఇంట్లోంచి వెళ్లిపోయిన మనిషి, అతని కోసం అట్టేపెట్టిన భాగం. ఇవి మనకు కొత్తా?

ఇంగ్లండుకి పడమర పక్కన వేల్స్ ఉంది కదా, అందులో బ్లాక్‌వుడ్ అనే చిన్న ఊరు. చుట్టూ బొగ్గు గనులు. 1984 మార్చిలో మొదలై ఏడాది పాటు సాగిన గని కార్మికుల సమ్మె ఓడిపోవడం ఈ పిల్లలు కళ్లారా చూశారు. పక్కనే ఉన్న ఓక్‌డేల్ గని 1989లో మూతపడింది. గని మూతపడిన ఊళ్లో కుర్రాళ్లకి ఏం పని దొరుకుతుంది చెప్పండి? వీళ్లకి దొరికినవి రెండే. పుస్తకాలూ, పాటలూ.

నలుగురూ ఓక్‌డేల్‌లో ఒకే బడిలో చదువుకున్నారు. జేమ్స్ డీన్ బ్రాడ్‌ఫీల్డ్ పాడతాడు, గిటారు వాయిస్తాడు. షాన్ మూర్ డ్రమ్ములు వాయిస్తాడు. వీళ్లిద్దరూ వరసకి అన్నదమ్ములు. షాన్ తల్లిదండ్రులు విడిపోతే అతను జేమ్స్ వాళ్లింట్లోనే పెరిగాడు. ఇద్దరిదీ ఒకే గది, ఒకదాని మీద ఒకటి ఉండే మంచాలు. మూడో అతను నిక్కీ వైర్. ఇతని గురించి మీకో మాట చెప్పాలి. వేదిక మీద ఆడవాళ్ల గౌన్లు వేసుకుని ఎగిరే ఈ మనిషికి ఇల్లు శుభ్రం చేయడమంటే మహా ఇష్టమట! వాక్యూమ్ క్లీనర్ పట్టుకుంటే వదలనని ఇంటర్వ్యూల్లో తనే చెప్పుకున్నాడు. (మీ వారికి ఈ పేరా చదివి వినిపించండి. నా పేరు మాత్రం చెప్పకండి.)

1986లో బృందం మొదలైంది. 1988లో సొంత డబ్బుతో మొదటి రికార్డు వేయించుకున్నారు. వేసినవి మూడు వందల కాపీలే. ఆ రికార్డు అట్ట మీది ఫోటో తీసింది రిచీ ఎడ్వర్డ్స్. ఇతనే మన నాలుగో మనిషి. ముందు వీళ్లకి వ్యాన్ నడిపాడు, సామాన్లు మోశాడు, తర్వాత బృందంలో కలిశాడు. విచిత్రం ఏమిటంటే ఇతనికి గిటారు వాయించడం సరిగ్గా రాదు. మెడలో గిటారు వేసుకుని వేదిక మీద నిలబడేవాడు గానీ, రికార్డింగులో ఆ పని జేమ్స్ చేసేవాడు. మరి అతనెందుకు? మాట కోసం. స్వాన్సీ విశ్వవిద్యాలయంలో రాజకీయ చరిత్ర చదివిన రిచీ, నిక్కీతో కలిసి పాటలు రాసేవాడు. జేమ్స్, షాన్ ఆ మాటలకి బాణీ కట్టేవారు. ఇద్దరు రాసేవాళ్లు, ఇద్దరు బాణీ కట్టేవాళ్లు. ఒకరు కూరలు తరిగితే ఇంకొకరు పోపు వేసినట్టు, ఎవరి పని వారిది, వంట అందరిదీ. రాబడిలో రిచీ వాటా కూడా పావు భాగమే. నువ్వు వాయించలేదు కదా అని ఎవరూ తగ్గించలేదు.

కుర్రతనం కదా, గొప్పలకేం తక్కువ లేదు. ఒకే ఒక్క ఆల్బమ్ తెస్తాం, లక్షలూ కోట్లూ అమ్ముతాం, ఆ వెంటనే విడిపోతాం అని పత్రికల వాళ్లకి చెప్పారు. 1992 ఫిబ్రవరిలో 'జనరేషన్ టెర్రరిస్ట్స్' వచ్చింది. అమ్మకాలు వాళ్లు చెప్పినంతా లేవు, విడిపోవడమూ లేదు. బుద్ధిగా 1993లో రెండో ఆల్బమ్ చేసుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో పెద్ద దెబ్బ తగిలింది. వాళ్ల మేనేజరు ఫిలిప్ హాల్ క్యాన్సర్‌తో చనిపోయారు. లండన్‌లో తలదాచుకునే చోటు లేనప్పుడు ఈ నలుగురినీ తన ఇంట్లోనే పెట్టుకున్న మనిషి ఆయన. ఆయన పోయాక తమ్ముడు మార్టిన్ ఆ బాధ్యత తీసుకున్నారు.

1994 ఆగస్టులో మూడో ఆల్బమ్ 'ది హోలీ బైబిల్' వచ్చింది. పేరు చూసి భక్తి పాటలనుకునేరు, కాదు. యుద్ధాలు, నిర్బంధ శిబిరాలు, ఆకలి, మనిషి మీద మనిషి చేసే క్రౌర్యం, ఇవీ అందులోని విషయాలు. మాటల్లో ఎక్కువ భాగం రిచీవే. అప్పటికే అతని మనసు బాగా లేదు. తిండి తగ్గించేశాడు, తాగుడు పెరిగింది, తనను తానే గాయపరుచుకునేవాడు. ఆ వేసవిలో ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఒప్పుకున్న కచేరీలు కొన్ని మిగతా ముగ్గురే చేశారు.

డిసెంబరు నాటికి రిచీ తిరిగొచ్చాడు. 21వ తేదీన లండన్ ఆస్టోరియాలో నలుగురూ కలిసి పాడారు. చివర్లో వాద్యాలన్నీ విరగ్గొట్టేశారు. ఆ మర్నాటికి రిచీకి ఇరవై ఏడేళ్లు నిండాయి. నలుగురూ కలిసి వేదిక ఎక్కడం అదే ఆఖరుసారి అని ఆ రాత్రి ఎవరికి తెలుసు?

1995 ఫిబ్రవరి 1. ఆ రోజు రిచీ, జేమ్స్ ప్రచారం కోసం అమెరికా విమానం ఎక్కాలి. పొద్దున్నే లండన్ హోటల్లోంచి రిచీ ఒక్కడే కారులో వెళ్లిపోయాడు. కార్డిఫ్‌లోని తన ఫ్లాట్‌కి వెళ్లాడు. పాస్‌పోర్టు అక్కడే వదిలేశాడు. రెండు వారాలు గడిచాక అతని కారు సెవర్న్ వంతెన దగ్గర, దారిలో ప్రయాణికులు ఆగే ఒక చోట దొరికింది. ఇంగ్లండునీ వేల్స్‌నీ కలిపే వంతెన అది. కారు దొరికింది, మనిషి దొరకలేదు. ఇన్నేళ్లకీ దొరకలేదు.

చనిపోయాడంటే ఏడ్చి, కర్మ చేసి, ఫోటోకి దండ వేస్తాం. తప్పిపోయిన మనిషికి ఏం చేస్తాం చెప్పండి? దండ వేయడానికి చెయ్యి రాదు. తలుపు గడియ పెట్టడానికీ చెయ్యి రాదు. వీధిలో చప్పుడైతే చెవి అటే పోతుంది. రిచీ తల్లిదండ్రులకి పట్టింది అదే స్థితి.

మరి మిగిలిన ముగ్గురి సంగతి? నెలల తరబడి పాట ఊసే లేదు. మానేద్దామన్నా అడిగేవారు లేరు. చివరికి ఏం చేశారంటే, రిచీ కుటుంబాన్ని అడిగారు. వాళ్లు సరేనని దీవించాకే మళ్లీ పని మొదలుపెట్టారు. అతని స్థానంలోకి ఇంకొకరిని తీసుకోలేదు. కచేరీల్లో అతను నిలబడే వైపు ఖాళీగా వదిలేసేవారు. తర్వాత కాలంలో వాయించడానికి సాయం వచ్చినవాళ్లు ఉన్నారు గానీ, నాలుగో సభ్యుడు అన్న పేరు ఎవరికీ ఇవ్వలేదు.

1996 ఏప్రిల్‌లో 'ఎ డిజైన్ ఫర్ లైఫ్' పాట బయటికొచ్చింది. కార్మికుల ఆత్మగౌరవం గురించి, వాళ్ల చదువు గురించి నిక్కీ రాసిన పాట. బ్రిటన్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. మేలో 'ఎవ్రీథింగ్ మస్ట్ గో' ఆల్బమ్ వచ్చింది. అక్కడి దుకాణాల్లో సరుకంతా ఖాళీ చేసేటప్పుడు పెట్టే బోర్డు మీది మాట అది. పేరుకి అన్నీ ఖాళీ చేసేయాలన్నారు గానీ, రిచీ రాసి ఉంచిన మాటల్ని మాత్రం పారేయలేదు. ఆ ఆల్బమ్‌లో అయిదు పాటల్లో అతని కలం ఉంది. 1997లో బ్రిట్ అవార్డుల్లో ఉత్తమ బృందం, ఉత్తమ ఆల్బమ్ రెండూ వీళ్లవే.

ఇప్పుడు డబ్బు రావడం మొదలైంది. అసలు కథ ఇక్కడుంది. వచ్చిన రాయల్టీని మూడు భాగాలు చేసుకుంటే అడ్డుకునేవారెవరు? మనిషే లేడు కదా. వాళ్లు నాలుగు భాగాలే చేశారు. నాలుగో భాగం రిచీ పేర ఖాతాలో పడుతూ వచ్చింది, ఏళ్ల తరబడి. ఎప్పుడైనా తిరిగొస్తే అతని డబ్బు అతనికి ఉండాలని.

పొలం గట్టు జరిపి జానెడు నేల కలుపుకునే అన్నదమ్ముల్ని చూశాం. దుబాయి వెళ్లిన తమ్ముడి వాటా మీద కన్నేసిన వాళ్లనీ చూశాం. అందుకేనేమో, ఈ పావు వాటా సంగతి తెలిశాక నాకా రాత్రి నిద్ర పట్టలేదు.

ఏడేళ్లు గడిస్తే, తప్పిపోయిన మనిషిని మరణించినట్టుగా భావించమని అక్కడి కోర్టుని అడగవచ్చు. మన దేశంలోనూ ఏడేళ్ల నియమమే ఉంది. అలా 2002లోనే రిచీ తల్లిదండ్రులకి ఆ వీలు వచ్చింది. వాళ్లు అడగలేదు. ఇంకో ఆరేళ్లు ఆగారు. చివరికి 2008 నవంబరులో ఆ ఉత్తర్వు తీసుకున్నారు. ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి ఎంత గుండె దిటవు కావాలో తల్లులకి నేను చెప్పనక్కర్లేదు. బ్యాంకు ఖాతాలూ, ఇంటి కాగితాలూ ఏవీ కదలక ఇలాంటి కుటుంబాలు పడే అవస్థ చూసి, ఇంగ్లండు, వేల్స్ కోసం 2013లో ఒకటి, 2017లో ఒకటి ప్రత్యేక చట్టాలు వచ్చాయి. తప్పిపోయిన వారి కుటుంబాల తరఫున మాట్లాడిన వారిలో రిచీ చెల్లెలు కూడా ఉంది.

ఈలోగా బృందం పెద్దదైంది. 1998లో స్పెయిన్ అంతర్యుద్ధానికి వెళ్లిన వేల్స్ వలంటీర్ల మీద కట్టిన పాట మొదటి స్థానానికి చేరింది. ఇవాళ ఇది సహించారంటే రేపు మీ పిల్లల వంతు అని ఆ పాట పేరుకి అర్థం. 1999 డిసెంబరు 31 రాత్రి కార్డిఫ్ మిలీనియం స్టేడియంలో యాభై వేల పైచిలుకు జనం ముందు పాడి కొత్త సంవత్సరానికి స్వాగతం చెప్పారు. 2001లో క్యూబా వెళ్లి హవానాలో కచేరీ చేస్తే ఫిడెల్ కాస్ట్రో వచ్చి కూర్చున్నారు.

ఇంత వైభవంలోనూ నాకు నచ్చిన పాట ఇంకొకటి. 1999లో జేమ్స్ వాళ్లమ్మ క్యాన్సర్‌తో పోయింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆవిడ తాగిన పళ్లరసం సీసా మీది పేరు 'ఓషన్ స్ప్రే'. అదే పేరుతో 2001లో పాట వచ్చింది. అన్నాళ్లూ ఇతరుల మాటలకి బాణీలు కట్టిన జేమ్స్ మొదటిసారి తనే మాటలు రాశాడు. అందులో వినిపించే ట్రంపెట్ ఎవరిదనుకున్నారు? షాన్‌ది, ఆవిడ ఇంట్లో పెరిగిన ఆ పిల్లాడిది. ఒకరు మాటతో, ఒకరు ఊపిరితో ఆ తల్లి రుణం తీర్చుకున్నారు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. మాయమవడానికి కొద్ది వారాల ముందు రిచీ తన రాతల ఫైలు ఒకటి మిత్రుల చేతిలో పెట్టాడు. దాన్ని వాళ్లు పద్నాలుగేళ్లు దాచారు. 2009లో, ఆ ఫైలులోని మాటలు తప్ప వేరే మాట లేకుండా 'జర్నల్ ఫర్ ప్లేగ్ లవర్స్' అనే ఆల్బమ్ చేశారు. అట్ట మీది బొమ్మ చూడడానికి బాగా లేదని కొన్ని సూపర్ మార్కెట్లు దానికి వేరే కవరు తొడిగి అమ్మాయట. తొడిగితే తొడిగారు, రిచీ మాట మాత్రం జనానికి చేరింది.

ఆ తర్వాతా వాళ్లు ఆగలేదు. 2021లో 'ది అల్ట్రా వివిడ్ లామెంట్' మళ్లీ మొదటి స్థానం తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో 'క్రిటికల్ థింకింగ్' వచ్చింది. అట్ట మీద అదే పేరు, లోపల ఆ ముగ్గురే.

మనిషి లేడని పొయ్యి ఆర్పేయకూడదు. పొయ్యి వెలిగిందని అతని భాగం మింగేయకూడదు. రెండూ ఒకే చేత్తో చేయడం కష్టం. ఆ ముగ్గురూ చేశారు.

మీ ఇంట్లో ఎవరి కోసమైనా అలా అట్టేపెట్టినది ఉందా? ఒక గది కావచ్చు, పెట్టె కావచ్చు, పండక్కి కొని మడత విప్పని చొక్కా కావచ్చు. చెప్పుకోవాలనిపిస్తే నాలుగు ముక్కలు రాయండి. పేరు లేకపోయినా ఫరవాలేదు.

సరే, గిన్నెలు ఎదురుచూస్తున్నాయి. వచ్చే వారం కలుసుకుందాం.