ఫోటోల్లో రవ్వ ఎందుకు పడుతోంది? వార్షికోత్సవానికి ముందు ఒక మాట



వార్షికోత్సవం అయిన మరుసటి రోజు నుంచి ఓ వారం పాటు గేటు దగ్గర ఒకే మాట వినిపిస్తుంది. "కొత్త కెమెరా కొన్నాం మేడమ్, పాప ముఖమంతా బొంబాయి రవ్వ చల్లినట్టు వచ్చింది." కొందరు కెమెరాను షాపుకు తిరిగి తీసుకెళ్తారు. కొందరు పక్కింటివాళ్ల ఫోన్ చూసి దానికంటే ఖరీదైనది కొనడానికి సిద్ధమవుతారు. ఫీజులు, బస్సు, పుస్తకాలు, డ్యాన్స్ డ్రెస్సు అద్దె అన్నీ అయ్యాక మళ్లీ ఇంకో ఖర్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నూటికి తొంభై సార్లు ఆ కెమెరాలో దోషం ఉండదు. చాలినంత వెలుతురు లేని చోట ఫోటో తీయడమే దోషం. దీన్ని సరిచేయడానికి ఇంట్లో ఒక పని, బడిలో ఒక పని చేయాలి. ఇంట్లో పని పిల్లలది. బడిలో పని మాది.

ఆ రవ్వ ఎక్కడి నుంచి వస్తుంది?

కెమెరాలో వెలుతురును పట్టుకునే భాగం సెన్సార్. మామూలు కాంపాక్ట్ కెమెరాల్లో చాలావాటికి దాని కొలత సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే చిటికెన వేలి గోరు కంటే చిన్నది. పెళ్లిళ్లలో ఫోటోగ్రాఫర్లు వాడే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో అది 36 మిల్లీమీటర్లు, 24 మిల్లీమీటర్లు. వైశాల్యం కనుక్కోమని మీ ఆరో తరగతి అబ్బాయికి చెప్పండి. ఒకటి సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు, ఇంకోటి 864. దాదాపు ముప్పై రెట్లు తేడా. ఒకే వానలో గ్లాసు పెడితే ఎంత నిండుతుంది, గంగాళం పెడితే ఎంత నిండుతుంది అన్నట్టే ఇదీ.

వెలుతురు కూడా వాన చినుకుల్లాగే విడివిడి కణాలుగా వచ్చి పడుతుంది. తుంపర పడేటప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు బండలను చూడండి. ఒకదాని మీద ఎక్కువ చినుకులు, ఇంకోదాని మీద తక్కువ. జడివాన పడితే రెండూ ఒకేలా తడుస్తాయి. సెన్సార్ మీద ఒక చుక్కలో 100 కణాలు పడాల్సి ఉంటే, అటూ ఇటూ 10 దాకా తేడా వస్తుంది. అంటే పది శాతం. 10,000 కణాలు పడితే తేడా 100, అంటే ఒక్క శాతమే. తొమ్మిదో తరగతి పిల్లలు గమనిస్తే, ఆ తేడా వర్గమూలం అని పట్టేస్తారు. మనం రవ్వ అంటున్నది ఈ హెచ్చుతగ్గులనే.

చీకటిగా ఉంటే కెమెరా ఆటో మోడ్‌లో ఐఎస్ఓ అనే అంకెను పెంచుతుంది. 100 నుంచి 1600, 3200 దాకా తీసుకెళ్తుంది. ఐఎస్ఓ పెరిగితే కొత్తగా వెలుతురేమీ రాదు. వచ్చిన కాస్తనే పెద్దది చేసి చూపిస్తుంది. పాత రేడియోలో స్టేషన్ సరిగా అందనప్పుడు వాల్యూమ్ పెంచితే పాటతోపాటు గరగర కూడా పెరిగినట్టు.

మరి హాల్లో మన కంటికి అంత చీకటిగా అనిపించదే అంటారు. కన్ను సర్దుకుపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో వెలుతురు సుమారు లక్ష లక్స్ ఉంటే, ట్యూబులైటు గదిలో వంద రెండు వందలే. వందల రెట్ల తేడాను కన్ను దాచేస్తుంది, కెమెరా దాచలేదు.

గాదంకి చెప్పే పాఠం

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి అందరికీ తెలుసు. పాకాల మండలంలోని ఆ ఊళ్లోనే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 1024 యాంటెన్నాలతో ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని వింటుంది. ఆ ప్రతిధ్వని చాలా బలహీనం. చుట్టూ ఉన్న గరగరలో కలిసిపోతుంది. అందుకని ఒక్క ప్రతిధ్వనితో సరిపెట్టుకోకుండా, వెంటవెంటనే వచ్చే ఎన్నింటినో కలుపుతారు. గరగర ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అసలు సంకేతం మాత్రం కూడుతూ పోతుంది.

ఫోన్లలో నైట్ మోడ్ చేసేదీ దాదాపు ఇదే. నాలుగు ఫోటోలు తీసి సగటు చేస్తే రవ్వ సగమవుతుంది. పదహారు తీస్తే పావు వంతవుతుంది. "మరి ఫోనే చాలదా?" అంటే, గుడి గోపురానికి చాలు, కదలని వస్తువులకు చాలు. గెంతుతున్న యూకేజీ పాపకు చాలదు. ఫోటోకీ ఫోటోకీ మధ్య చెయ్యి కదిలిపోతుంది. అప్పుడు ఫోన్ రవ్వను చెరిపేస్తూ కనుబొమలు, జడలోని పూలు కూడా చెరిపేస్తుంది. ముఖం మైనం బొమ్మలా నున్నగా వస్తుంది.

ఉపాధ్యాయురాలిగా ఇక్కడే ఇంకో మాట కూడా చెప్పాలి. ఒక్క వీక్లీ టెస్ట్ మార్కు కూడా తక్కువ వెలుతురులో తీసిన ఫోటో లాంటిదే. ఆ రోజు జ్వరం, నిద్రలేమి, ఒక ప్రశ్న తప్పుగా చదవడం అన్నీ అందులో రవ్వలా కలిసిపోయి ఉంటాయి. నాలుగైదు టెస్టులు కలిపి చూస్తేనే బిడ్డ అసలు ముఖం కనిపిస్తుంది.

ఇంట్లో ఒక ఆదివారం

కెమెరాను బీరువాలో దాచకండి. హైస్కూలు పిల్లల చేతికి ఇచ్చి ఈ నాలుగు పనులు చేయించండి. గంట చాలు.

1. ఒక స్టీలు చెంబును కిటికీ దగ్గర పెట్టి, ఐఎస్ఓ 100, 400, 1600, 3200లో ఒక్కొక్క ఫోటో తీయమనండి. కంప్యూటర్‌లో పెద్దవి చేసి పక్కపక్కన చూస్తే రవ్వ ఎక్కడ మొదలవుతుందో వాళ్లే చెబుతారు. ఆటో ఐఎస్ఓకు అదే హద్దుగా పెట్టుకోవచ్చు.

2. చెల్లెల్నో తమ్ముణ్ణో గది మధ్యలో ట్యూబులైటు కింద ఒకసారి, వాకిలి పక్కన పగటి వెలుతురులో ఒకసారి తీయమనండి. నాలుగడుగులు జరిగితే ఎంత మారుతుందో చూస్తారు.

3. జూమ్ లాగకుండా ఒకటి, పూర్తిగా లాగి ఒకటి తీయమనండి. చాలా కాంపాక్ట్ కెమెరాల్లో జూమ్ లాగేకొద్దీ లెన్స్ లోపలికి వచ్చే వెలుతురు మూడో వంతుకో పావు వంతుకో పడిపోతుంది. జూమ్ కంటే నాలుగడుగులు ముందుకు నడవడం మేలు. డిజిటల్ జూమ్ అయితే ఆపేయడమే మంచిది.

4. కెమెరాను టేబుల్ మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో, షట్టర్ వేగం తగ్గించి కదలని వస్తువును తీయమనండి. సెకనులో అరవయ్యో వంతుకు బదులు పదిహేనో వంతు తెరిచి ఉంచితే నాలుగు రెట్లు వెలుతురు వస్తుంది. ఐఎస్ఓ పెంచాల్సిన పనే ఉండదు.

"చదువు మానేసి కెమెరా పట్టుకోమంటారా?" అని అడిగే నాన్నగార్లు ఉంటారని తెలుసు. వైశాల్యం, వర్గమూలం, సగటు, కాంతి, అన్నీ ఆ గంటలోనే వచ్చాయి. పరీక్షలో అడిగేవీ ఇవే.

బడి చేయాల్సింది

ఇప్పుడు మా వైపు పని. వార్షికోత్సవం సాయంత్రం ఆరు దాటాకే మొదలవుతుంది. స్టేజీ మీద ఎర్ర లైటు, నీలం లైటు తిరుగుతుంటాయి. మీరు పదిహేను మీటర్ల వెనక కూర్చుంటారు. జూమ్ పూర్తిగా లాగుతారు. డ్యాన్స్ కదలిక ఆగాలంటే షట్టర్ సెకనులో రెండు వందల యాభయ్యో వంతు వేగంతో పని చేయాలి. అంటే వెలుతురు తక్కువ, లెన్స్ ఇరుకు, సమయమూ తక్కువ. ఎంత డబ్బు పెట్టినా చిన్న కెమెరాకు ఇది సాధ్యం కాని పరీక్ష. కెమెరా మీద ఉండే చిన్న ఫ్లాష్ మహా అయితే మూడు నాలుగు మీటర్లు చేరుతుంది. వెనక వరుసలో కొట్టిన ఫ్లాష్ మీ పాపను కాకుండా ముందు వరుసవాళ్ల తలల్ని వెలిగిస్తుంది. స్టేజీ మీది చిన్నపిల్లలు ఆ మెరుపులకు బెదిరి స్టెప్పు మరిచిపోతారు కూడా.

అందుకే నా ప్రతిపాదన. కార్యక్రమం రోజు సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా, గ్రౌండులో చెట్ల నీడన తరగతికి పది నిమిషాలు ఫోటోల సమయం పెడదాం. పిల్లలు వేషాలతోనే వస్తారు. ఒక స్టెప్పు వేసి చూపిస్తారు. తల్లిదండ్రులు రెండు మీటర్ల దూరం నుంచి తీసుకుంటారు. ఆ వేళ నీడలో కూడా హాల్లో కంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది. ఐదు వేల రూపాయల కెమెరాలోనైనా ముఖం శుభ్రంగా వస్తుంది. రాత్రి కార్యక్రమంలో ఎవరూ లేచి నిలబడరు, వెనకవాళ్లకు అడ్డం రారు. అవ్వాతాతలు మనవరాలి డ్యాన్స్‌ను స్క్రీన్‌లో కాకుండా కళ్లారా చూస్తారు.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి. పిల్లలు అలిసిపోతారని ఒకటి. మేకప్ ఎలాగూ మధ్యాహ్నం నుంచే మొదలవుతుంది. ఆ తర్వాత గదుల్లో ఊరికే కూర్చునే సమయంలో పది నిమిషాలే మనం అడుగుతున్నది. ఉద్యోగాలున్న తల్లిదండ్రులు నాలుగింటికి రాలేరన్నది రెండోది, నిజమైన ఇబ్బంది కూడా ఇదే. అలాంటి పిల్లల ఫోటోలు తీసే బాధ్యత తరగతికి ఇద్దరు పెద్ద పిల్లలకు అప్పగిద్దాం. ఆదివారం చెంబు ఫోటోలు తీసి నేర్చుకున్నవాళ్లు ఈ పని చక్కగా చేస్తారు. ఏ బిడ్డ ఫోటో ఆ బిడ్డ ఇంటికే చేరేలా క్లాస్ టీచర్ చూసుకుంటారు.

వచ్చే పేరెంట్ టీచర్ మీటింగులో ఈ విషయం మీరూ అడగండి. పది మంది తల్లిదండ్రులు అడిగితే టైమ్‌టేబుల్‌లో గంటన్నర దొరకడం కష్టం కాదు. కొత్త కెమెరా కొనే ఆలోచన ఉంటే అప్పటిదాకా ఆగండి. ఈలోపు ఇంట్లో ఉన్నదాన్ని పిల్లల చేతికి ఇవ్వండి.