ఫిల్టర్‌కు గాలి కొట్టించడం సర్వీసింగ్ కాదు

దుమ్ము పట్టిందా, విప్పి గాలి కొట్టించు, సరిపోతుంది. ఏ మెకానిక్ షెడ్డులో అడిగినా ఇదే మాట. శని, ఆదివారాలు వికారాబాద్ వైపు ఎర్రమట్టి దారుల్లో బండి తోలి వచ్చిన కుర్రాళ్ళు సోమవారం చేయించేదీ ఇదే. కంప్రెసర్ గొట్టం దగ్గరగా పెట్టి బుస్సుమని నాలుగుసార్లు కొడితే ఎర్రటి దుమ్ము లేస్తుంది, ఫిల్టర్ రంగు తేలుతుంది, బండిగలాయన మనసు కుదుటపడుతుంది. ఈ అలవాటు ఇంజిన్‌ను లోపల్నుంచి అరగదీస్తుందని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. డర్ట్ బైకుల విషయంలో దీన్ని క్షమించడానికి వీల్లేదు.

ఆ ఫిల్టర్ గుండా ఎంత గాలి పోతుందో ముందు లెక్క చూద్దాం. 450 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. 9,000 ఆర్‌పీఎమ్ దగ్గర నిమిషానికి 4,500 సార్లు. అంటే సుమారు 2,000 లీటర్ల గాలి, అదీ ముందు బండి లేపిన దుమ్ములోంచి. ఆ దుమ్ములో ఎక్కువ భాగం సిలికా. మోహ్స్ కొలమానంలో దాని గట్టిదనం 7, గాజునే గీస్తుంది. మెత్తటి అల్యూమినియం పిస్టన్ దాని ముందు ఎంత? మనం గాలి కొట్టినప్పుడు పైకి లేచి కనిపించేది లావుపాటి మట్టి. ఇంజిన్‌ను తినేది కంటికి ఆనని సన్నటి ధూళి. రింగుకీ బోరుకీ మధ్యనున్న ఆయిల్ పొరలో దూరి రెంటినీ నూరేది అదే.

ఇక ఫిల్టర్ సంగతి. మోటోక్రాస్ బళ్ళలో ఉండేది నూనె పట్టించిన ఫోమ్. చాలావాటిలో బయట పెద్ద రంధ్రాల పొర, లోపల సన్నరంధ్రాల పొర ఉంటాయి. ఆ రంధ్రాలు ధూళి రేణువుకంటే చాలా పెద్దవి. ధూళిని పట్టేది ఫోమ్‌కు అంటుకుని ఉన్న జిగట నూనె. పొడిగుడ్డ దుమ్మును లేపుతుంది, తడిగుడ్డ పట్టుకుంటుంది, తేడా అంతే. గాలి కొడితే ఏమవుతుంది? పైనున్న మట్టి కొంత ఎగిరిపోతుంది, నూనెలో నానిన ధూళి ఇంకా లోపలికి దిగుతుంది. ఉన్న నూనె అప్పటికే మట్టి తాగేసి ఉంటుంది కాబట్టి కొత్త ధూళిని పట్టే జిగట మిగలదు. ఆ ఫిల్టర్‌నే మళ్ళీ బిగించి పంపిస్తున్నాం.

మా ఫిల్టర్ ఫోమ్ కాదు, పేపర్ కదా అంటారు కొందరు. ఇప్పటి చాలా బళ్ళలో వచ్చేది విస్కస్ పేపర్, అంటే ఆ కాగితానికీ నూనె పట్టించే ఉంటుంది. దాన్ని కడగొద్దు, గాలి కొట్టొద్దు, గడువుకు మార్చండి, దుమ్ములో తిరిగితే ఇంకా ముందే మార్చండి అని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. పొడి పేపర్ ఫిల్టర్లు కొన్నింటికి లోపలివైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో గాలి కొట్టవచ్చన్న మాట నిజమే. మన షెడ్డుల్లో టైర్లకు కొట్టే గొట్టాన్నే అంగుళం దూరంలో పెట్టి కొడుతున్నారు. కాగితం ఎక్కడో సన్నగా చిరిగితే ఎవరికి కనిపిస్తుంది?

పెట్రోల్‌తో కడగడం మరో మొండి అలవాటు. పెట్రోల్ ఫోమ్ అతుకుల జిగురును వదులు చేస్తుంది. దాని ఆవిరి నేలబారున పాకి దూరాన ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. మాన్యువల్స్ దాన్ని వద్దనేది అందుకే. పాత ఆర్‌ఎక్స్ 100 మెకానిక్‌లు ఫోమ్‌ను కడిగాక టూటీ ఆయిల్‌లో ముంచి పిండి పెట్టేవారు. ఫోమ్‌కు నూనె ఉండాలన్న సంగతి వాళ్ళకు తెలుసు. ఆ తెలివి తరవాతి తరానికి అందకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

సరైన పద్ధతిలో కష్టమైనదేమీ లేదు. ఫిల్టర్ తీయగానే ఇంజిన్‌లోకి పోయే దారిని శుభ్రమైన గుడ్డతో మూసేయాలి. ఫోమ్‌ను ఫిల్టర్ క్లీనర్‌లోనో కిరోసిన్‌లోనో నానబెట్టి నొక్కాలి. బట్టను పిండినట్టు మెలితిప్పితే అతుకులు ఊడతాయి. తరవాత గోరువెచ్చని సబ్బునీళ్ళు, ఆపైన మంచినీళ్ళు, లోపలివైపు నుంచి బయటికి. నీడలో పూర్తిగా ఆరాలి. తడి మీద నూనె పట్టదు. ఆరాక ఫిల్టర్ ఆయిల్ పోసి, రంగు అంతటా ఒకేలా వచ్చేదాకా చేత్తో పిసకాలి. ఎక్కడైనా తెల్లమచ్చ మిగిలిందంటే దుమ్ముకు అక్కడ తలుపు తెరిచి ఉన్నట్టే. ఇంజిన్ ఆయిల్ అత్యవసరానికి పనికొస్తుంది గానీ బండి నిలబెడితే మెల్లగా అడుగుకు జారిపోతుంది. అంచు చుట్టూ పలచగా గ్రీజు రాసి, ఫిల్టర్ డబ్బాలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి. ఎంత మంచి ఫోమైనా అంచు దగ్గర సందుంటే దండగే.

పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని వెనకున్న రబ్బరు గొట్టంలో వేలు పెట్టి చూడండి. వేలికి ముద్దలా గోధుమరంగు అంటితే దుమ్ము ఈసరికే దాటిపోయిందన్నమాట. అలా తోలిన ఒక ఇంజిన్‌ను విప్పగా చూశాను. ఇన్‌టేక్ వైపు బోరు నిండా నిలువు గీతలు, పిస్టన్ నడుము నునుపు పోయి గరుకుతేలింది. ఆ బండి యజమాని ఇంజిన్ ఆయిల్ మాత్రం ఏనాడూ గడువు దాటనివ్వలేదు, ఖరీదైనదే పోసేవాడు. చాలా 450 మోటోక్రాస్ బళ్ళలో ఇన్‌టేక్ వాల్వులు టైటానియంవి, పైపూత చాలా పలచన. ధూళికి అది అరిగితే వాల్వ్ సీటులోకి దిగుతుంది, ట్యాపెట్ గ్యాప్ మూసుకుపోతుంది, పొద్దున్నే బండి స్టార్ట్ అవదు. అప్పుడు ప్లగ్గును తిడతాం, కార్బొరేటర్‌ను తిడతాం.

యమహా వైజెడ్ 450ఎఫ్ మాన్యువల్ ప్రతి రేసుకూ ఫిల్టర్ శుభ్రం చేయమంటుంది. మనవాళ్ళు రేసులాడరు కదా అనకండి. క్వారీ లారీల వెనక అరగంట తోలితే చాలు, దుమ్ముకు ట్రాక్ అవసరం లేదు. ప్రతిసారీ కడిగే తీరిక ఎక్కడిది అన్నది నేను ఒప్పుకునే ఒకే ఒక్క అభ్యంతరం. దానికీ మార్గం ఉంది. రెండు ఫోమ్‌లు కొనుక్కోండి. ఒకటి బండిలో, ఇంకొకటి నూనె పట్టించి, గట్టిగా మూసిన ప్లాస్టిక్ కవర్లో. తిరిగొచ్చిన సాయంత్రం మార్చేయండి, మాసినదాన్ని వీలున్న రోజు కడగండి. అతుకు విచ్చుకున్నా, ఫోమ్ గట్టిబడినా, వేళ్ళ మధ్య నలిపితే పొడి రాలినా కడగడం ఆపి కొత్తది తెచ్చుకోండి. ఒక్కసారి బోరు, పిస్టన్ మార్చే ఖర్చుతో ఎన్ని ఫోమ్‌లు వస్తాయో మీ మెకానిక్‌నే అడగండి.