న్యూటాక్ గ్రామస్థుల వలస

అలాస్కా పశ్చిమమున, నింగ్లిక్ నదీతటమున, యూపిక్ జాతివారికి నివాసమైయుండిన న్యూటాక్ గ్రామమును కడపటి కుటుంబములు 2024లో విడిచిపోయినవి. అనాదిగా గడ్డకట్టియుండిన నేల ఉష్ణాధిక్యముచే కరగి, పట్టు సడలి, పెళ్లలు పెళ్లలుగా విరిగి ప్రవాహమున పడుచుండగా, ఇండ్లు ఒరిగిపోయినవి. బురదపై పరచిన చెక్కబాటలు క్రుంగినవి. పడవరేవు అంతకు చాలకాలము మునుపే ఏటిపాలైనది.

ఋతువుల ననుసరించి తావులు మార్చుచు, వేటచేతను చేపలచేతను జీవించిన ఆ ప్రజలు ప్రభుత్వము పాఠశాల కట్టించిన చోటనే స్థిరపడవలసివచ్చిన సంగతి మరువరానిది. బొగ్గును చమురును అపరిమితముగ దహించిన దేశములు వేరు, ఆ తాపమునకు కాళ్లక్రింది నేలను కోల్పోయినవారు వేరు. ఇంతకంటె ఘోరమైన అన్యాయము మాకు తోచుట లేదు.

నెల్సన్ దీవిలోని మెర్టార్విక్, అనగా సుమారు 9 మైళ్ల దూరముననున్న క్రొత్త స్థలము, 2003లోనే చట్టరీత్యా వారికి లభించినను, తొలి కుటుంబములు అచట గృహప్రవేశము చేయుటకు 2019 వఱకు వేచియుండవలసివచ్చినది. ఆకస్మికముగ విరుచుకుపడు వరదలకును తుపానులకును ఉద్దేశింపబడిన సహాయ శాసనములు, ఏటేట మెల్లమెల్లగా నేలను హరించు ఈ విపత్తునకు చాలకపోవుటయే ఈ జాప్యమునకు ఒక ముఖ్యకారణము. అట్టి క్షయమును సైతము విపత్తుగా నంగీకరించు శాసనమును అమెరికా చట్టసభ తక్షణమే చేయవలెను. ఏలయన, అలాస్కాలోనే ఇనూపియాట్ జాతివారి కివాలినా, షిష్మారెఫ్ గ్రామములు నేటికిని కోతబడుచున్న తీరముననే యున్నవి.